డిగ్రీ అయిపోయాక డాక్టరు చదువు: దారి ఉందా?



పోయిన వార్షికోత్సవం రోజు భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు ముగ్గురు నన్ను విడివిడిగా పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడిగారు. ఒకరు నర్సింగ్ చేసి ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. ఒకరు బి.ఎస్సీ. చదివి ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నారు. మూడో తమ్ముడు ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుని, ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగంలో ఉన్నాడు. "అన్నా, నువ్వు ముప్పై దాటినంక ఎం.బి.బి.ఎస్.ల చేరినవ్ గదా, మాకు గూడ అయితదా?" అని ముగ్గురి ప్రశ్న. వేపచెట్టు కింద పది నిమిషాల్లో చెప్పే విషయం కాదు. అందుకే సంచిక కోసం వ్యాసం రాయమని మన సంఘం వారు అడగగానే ఇదే రాస్తానన్నాను.

ముందు నా సంగతి రెండు మాటల్లో. నేను 2008లో ఇక్కడి నుంచే పదో తరగతి పాసయ్యాను. 2010లో ఇంటర్ బై.పి.సి. పూర్తిచేసి ఎంసెట్ రాశాను. కోచింగ్ అనే మాట తప్ప కోచింగ్ ఎలా ఉంటుందో తెలియదు. ర్యాంకు ఎక్కడో వచ్చింది. 2013లో బి.ఎస్సీ. అయింది. తర్వాత డి.ఎం.ఎల్.టి. చేసి 2015లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. రోజూ రక్తం నమూనాలు తీసేది నేను, రిపోర్టు చూసి రోగితో మాట్లాడేది డాక్టరు. రిపోర్టు చేతిలో పట్టుకుని "సారూ, ఏమున్నది ఇందుల?" అని రోగులు ముందు నన్నే అడిగేవారు. తెలిసీ చెప్పకూడదు, చాలాసార్లు తెలియనూ తెలియదు. ఆ వెలితి ఏడేళ్ళు నన్ను వదల్లేదు. 2022లో, 30వ ఏట, మళ్ళీ పుస్తకం పట్టాను. 2023లో రెండో ప్రయత్నంలో ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చింది.

ఇది చదివి అందరూ ఉద్యోగాలు మాని నా వెంట రావాలని చెప్పడం లేదు. దారి ఎలా ఉందో, ఎక్కడ గుంతలున్నాయో చెబుతాను. నడవాలో వద్దో మీరు తేల్చుకోండి.

అమెరికాలో ఉన్న వంతెన

మన హాస్టల్ పూర్వ విద్యార్థి ఒకాయన అమెరికాలో స్థిరపడ్డారు. నేను మెడిసిన్‌లో చేరానని తెలిసి ఫోను చేశారు. "ఇక్కడ నీలాంటివాళ్ళ కోసం ప్రత్యేకంగా కోర్సులే ఉన్నాయి తమ్ముడూ" అన్నారు. అప్పుడు కొంత చదివి తెలుసుకున్నాను.

అమెరికాలో ఇంటర్ కాగానే డాక్టరు చదువు ఉండదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళ మెడికల్ కాలేజీ. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఉండవచ్చు. కానీ చాలా కాలేజీలు జీవశాస్త్రం, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ప్రయోగశాలతో సహా చదివి ఉండాలని అడుగుతాయి. బయోకెమిస్ట్రీ కూడా చాలాచోట్ల కావాలి. చరిత్రో, సంగీతమో చదివి ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి ముప్పై ఏళ్ళప్పుడు డాక్టరు కావాలనిపిస్తే ఆ సబ్జెక్టులు ఉండవు. అటువంటివారి కోసం డిగ్రీ తర్వాత ఏడాది, రెండేళ్ళ 'పోస్ట్ బ్యాకలారియేట్ ప్రీమెడికల్' కోర్సులు పెట్టారు. పేరుకు డిగ్రీ తర్వాతి చదువే గానీ మన పీజీ లాంటిది కాదు. అదొక వంతెన. కొలంబియా, బ్రిన్ మార్, గౌచర్ వంటి విద్యాసంస్థలు ఈ కోర్సులకు పేరు పొందాయి. సబ్జెక్టులే చదవనివారికి ఒక రకం, చదివినా మార్కులు తగ్గినవారు బలం పెంచుకోవడానికి మరో రకం. వీటిలో చేరడానికి పాత మార్కులు, ఉపాధ్యాయుల సిఫార్సు ఉత్తరాలు, ఆసుపత్రిలో గానీ సేవలో గానీ గడిపిన అనుభవం, 'ఈ వయసులో ఎందుకు?' అన్నదానికి మన మాటల్లో రాసిన వ్యాసం చూస్తారు. ఆ తర్వాత ఎంక్యాట్ అనే పరీక్ష రాసి, మెడికల్ కాలేజీలకు దరఖాస్తు చేసి, ఇంటర్వ్యూలకు వెళ్ళాలి. దరఖాస్తు పెట్టినప్పటి నుంచి క్లాసులో కూర్చునేదాకా ఏడాదికి పైనే పడుతుంది.

అక్కడ ఉన్న మన అన్నలు, వారి కుటుంబ సభ్యులు ఈ దారి గురించి ఆలోచిస్తే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇండియాలో చదివిన డిగ్రీ మార్కులను అక్కడి ఉమ్మడి దరఖాస్తు విధానం లెక్కలోకి తీసుకోదు. అమెరికాలోనే చదివిన క్రెడిట్లు కావాలి, అందుకే మనవాళ్ళకు ఈ వంతెన మరింత అవసరం. రెండు, చాలా మెడికల్ కాలేజీలు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవారినే తీసుకుంటాయి. వీసా మీద ఉన్నవారు ఈ సంగతి తెలుసుకోకుండా ఫీజు కట్టవద్దు. మూడు, 2026 జులై నుంచి కొత్తగా చేరేవారికి అక్కడి ప్రభుత్వ విద్యారుణం మీద పరిమితి పెట్టారు. వైద్యం వంటి కోర్సులకు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు మాత్రమే. చాలా కాలేజీల్లో ఖర్చు ఇంతకన్నా ఎక్కువ. ఇక ఇండియాలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి వెళ్ళినవారికి ఈ వంతెనతో పనిలేదు. వారికి లైసెన్సు పరీక్షల దారి వేరే ఉంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అన్న ఫోను పెట్టేశాక నాకు ఒక విషయం తేటతెల్లమయింది. ఆలస్యంగా వచ్చేవాడి కోసం అక్కడ కాలేజీయే వంతెన కట్టి పెట్టింది. మన దగ్గర అటువంటిది లేదు. ఇక్కడ అవతలి ఒడ్డున తలుపు తెరిచే ఉంది, మధ్యలో వంతెన మాత్రం ఎవరికి వారే కట్టుకోవాలి.

వయసు అడ్డమా?

కాదు. ఇది ముందు గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇంకా చాలామంది అడ్డమనే అనుకుంటున్నారు. దానికి కారణం ఉంది. నీట్‌కు 25 ఏళ్ళు, రిజర్వేషన్ ఉన్నవారికి 30 ఏళ్ళు అని పై వయసు పరిమితి కొంతకాలం తెచ్చారు. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది కూడా. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు పరిమితి దాటినవారు కూడా పరీక్ష రాయవచ్చని తాత్కాలికంగా అనుమతించింది. తుది తీర్పు ఏమవుతుందో అన్న భయంతోనే కొన్నేళ్ళు గడిచాయి. చివరకు 2021 అక్టోబరులో జాతీయ వైద్య కమిషన్ పై వయసు పరిమితి అక్కర్లేదని నిర్ణయించింది. ఆ సంగతి 2022 మార్చిలో బయటకు వచ్చింది. నేను పుస్తకం పట్టింది ఆ వార్త పేపర్లో చదివిన వారంలోనే. ఇప్పుడు కింది వయసు మాత్రమే ఉంది, చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి.

2020 నీట్‌లో అర్హత సాధించి ఒడిశాకు చెందిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి 64వ ఏట బుర్లా ప్రభుత్వ వైద్య కాలేజీలో చేరారు. ఆ వార్త అప్పట్లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆయన పక్కన మన ముప్పై, ముప్పై అయిదు ఏపాటివి?

మొదటిసారి పరీక్షకు వెళ్ళిన రోజు మాత్రం గేటు దగ్గర పోలీసాయన నన్ను ఆపి "సార్, పేరెంట్స్ అవతల నిలబడాలి" అన్నారు. హాల్ టికెట్ చూపించాను. ఆయన దాన్నీ నన్నూ రెండుసార్లు చూసి, నవ్వి, "ఆల్ ది బెస్ట్ సార్" అని లోపలికి పంపారు.

ఎవరికి అర్హత ఉంది?

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు పాసై ఉండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ వారికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం మార్కులు రావాలి. ఇంటర్ ఎప్పుడు పాసయ్యారన్నది అడ్డం కాదు. డిగ్రీ మార్కులకు సీటుతో సంబంధం లేదు. డిగ్రీలో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి తర్వాత పాసైనవారు కూడా సిగ్గుపడాల్సిన పనిలేదు. సీటు నీట్ ర్యాంకు మీదనే.

మరి ఎం.పి.సి. చదివిన తమ్ముడి సంగతి? ఇంతకు ముందు బయాలజీ లేనివారికి తలుపు దాదాపు మూసి ఉండేది. 2023 నవంబరు 22న జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన ప్రకటనతో అది తెరుచుకుంది. ఇంటర్ పాసైన తర్వాత గుర్తింపు పొందిన బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు అర్హులే. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్.ఐ.ఓ.ఎస్.లో కావలసిన సబ్జెక్టు మాత్రమే తీసుకుని రాసే పార్ట్ అడ్మిషన్ సౌకర్యం ఉంది. ఉద్యోగం చేసుకుంటూనే రాయవచ్చు. అయితే ఒక జాగ్రత్త. ఏ బోర్డు నుంచి రాస్తే మన రాష్ట్రంలో లోకల్ కోటాకు ఇబ్బంది రాదో ముందే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రాస్పెక్టస్ చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీది చూసుకోవాలి. పరీక్ష రాశాక చూసుకుంటే లాభం లేదు.

క్వాలిఫై అయితే సీటు వచ్చినట్టేనా?

మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 2025 నీట్‌ను 22 లక్షల మందికి పైగా రాశారు. క్వాలిఫై అయినవారు 12.36 లక్షలు. దేశంలో అన్ని కాలేజీల్లో కలిపి ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు 1.2 లక్షలు. అంటే క్వాలిఫై అయిన ప్రతి పదిమందిలో ఒకరికే సీటు. ఆ ఏడాది ఎస్సీ, ఎస్టీ, బీసీలకు క్వాలిఫై మార్కు 720కి 113. ఆ మార్కులతో ప్రభుత్వ సీటు రాదు. కానీ ఆ మార్కులు వచ్చినవారి ఫోన్లు మోగడం మొదలవుతుంది. "మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తాం", "ఫలానా దేశంలో చవకగా చేయిస్తాం" అని ఏజెంట్లు చేస్తారు. విదేశంలో చదవాలన్నా నీట్ క్వాలిఫై కావాలి. 2021 నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలలు ఇంగ్లీషు మాధ్యమంలో చదవాలి, ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగి వచ్చాక లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. ఇవన్నీ చెప్పకుండా అడ్వాన్సు అడిగే మనిషికి రూపాయి ఇవ్వవద్దు.

మనం పెట్టుకోవలసిన గురి ఒకటే, ప్రభుత్వ కాలేజీలో గానీ ప్రైవేటు కాలేజీలో గానీ కన్వీనర్ కోటా సీటు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి, 85 శాతం రాష్ట్రానివే. మన రోజులతో పోలిస్తే ఇప్పుడు సీట్లు పెరిగాయి. తెలంగాణలో 2022లో 8, 2023లో 9 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్, ఆసిఫాబాద్, భూపాలపల్లి వంటి ఊళ్ళలో మెడికల్ కాలేజీ ఉంటుందని 2010లో ఎవరైనా చెబితే నవ్వేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో 5 మొదలయ్యాయి. మీ కేటగిరీలో, మీ రాష్ట్రంలో పోయిన ఏడాది చివరి సీటు ఎన్ని మార్కులకు, ఏ ర్యాంకుకు వచ్చిందో యూనివర్సిటీ పెట్టే జాబితాలో ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించుకోండి. మీ గురి అది, 113 కాదు.

వంతెన కట్టుకున్న తీరు

నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అంటే సగం పేపరు బయాలజీయే. బి.ఎస్సీ., నర్సింగ్, ల్యాబ్ వైపు నుంచి వచ్చినవారికి ఇది మేలు. మనల్ని ముంచేది ఫిజిక్స్. ఎం.పి.సి. వారికి ఇది తలకిందులు.

2022లో నేను చేసిన తప్పు చెబుతాను. నాలుగు నెలలే ఉన్నాయని తెలిసిన బయాలజీనే మళ్ళీ మళ్ళీ చదివాను. చదివినది మళ్ళీ చదివితే హాయిగా ఉంటుంది కదా. ఫిజిక్స్‌ను ముట్టుకోలేదు. 180 మార్కులు వచ్చాయి. క్వాలిఫై అయ్యాను, సీటుకు ఆమడ దూరంలో ఆగిపోయాను. రెండో ఏడాది లెక్క మార్చాను. పొద్దున 4 గంటల నుంచి 7 దాకా ఫిజిక్స్ మాత్రమే, అది కూడా లెక్కలు చేయడమే, చదవడం కాదు. మన హాస్టల్లో వార్డెన్ సారు గంట కొట్టి లేపిన స్టడీ అవరే అది, ఈసారి గంట కొట్టేవారు లేరంతే. డ్యూటీలో మధ్యాహ్నం ఖాళీ దొరికితే బయాలజీ ఒక పాఠంలో పది పేజీలు. రాత్రి కెమిస్ట్రీ గంటన్నర. ఆదివారం మూడు గంటలు గడియారం పెట్టుకుని పాత పేపరు. సోమవారం కొత్త పాఠం చదవకుండా ఆ పేపర్లో తప్పులు మాత్రమే చూసేవాణ్ణి. తప్పుల కోసం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. చివరి నెలలో నేను చదివింది ఆ నోట్‌బుక్కే.

పుస్తకాల సంగతి. ఎన్.సి.ఇ.ఆర్.టి. 11, 12 తరగతుల పుస్తకాలు మొదటి నుంచి చివరి దాకా, బొమ్మల కింద రాసిన వాక్యాలతో సహా చదవాలి. మన పాత ఇంటర్ పుస్తకాలు అటక మీద నుంచి దించి అవే సరిపోతాయనుకోవద్దు. 2024 పరీక్ష నుంచి సిలబస్ మారింది, కొన్ని అంశాలు తీసేశారు. ముందు కొత్త సిలబస్ తెచ్చుకుని, లేని పాఠాలు కొట్టేయండి. అక్కడే మీకు నెల మిగులుతుంది.

తెలుగు మీడియం తమ్ముళ్ళకు ఒక మాట. నీట్ తెలుగులో కూడా ఉంది. తెలుగు ఎంచుకుంటే ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. మెడిసిన్ పాఠాలు ఇంగ్లీషులోనే కాబట్టి తెలుగులో అర్థం చేసుకుని, పేర్లు మాత్రం ఇంగ్లీషులో రాసుకోవడం అలవాటు చేసుకోండి. నేను అలాగే చేశాను.

దరఖాస్తు ఫీజు 2025లో ఎస్సీ, ఎస్టీలకు 1000 రూపాయలు. కోచింగ్ సెంటరుకు నేను వెళ్ళలేదు. ఒకచోట అడిగితే "మీ వయసు వాళ్ళకు బ్యాచ్ లేదు సార్" అన్నారు. అదీ ఒకందుకు మంచిదే అయింది, డబ్బు మిగిలింది.

ట్రంకు పెట్టెలోని కాగితాలు

ఆలస్యంగా వచ్చేవాడికి పరీక్ష కన్నా కాగితాలే ఎక్కువ ఏడిపిస్తాయి. ఇప్పటినుంచే ఒక ఫైలు పెట్టండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టి.సి., ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. తెలంగాణలో ఇంటర్ వరకు వరుసగా 4 ఏళ్ళు రాష్ట్రంలోనే చదివి ఉంటేనే లోకల్ అన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి 9, 10 తరగతుల స్టడీ సర్టిఫికెట్లు బంగారంతో సమానం. చదివిన బడి మూతపడితే రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి, దానికి వారాలు పడుతుంది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది. పదేళ్ళ కిందటి కుల సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా గ్రూపు వివరంతో కొత్తది తీసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే ఉన్నాయా చూడండి. నాకు ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి, కౌన్సెలింగ్ ముందు నాలుగు రోజులు కార్యాలయాల చుట్టూ తిరిగాను. డిగ్రీ కాలేజీ నుంచి ఒరిజినల్స్ తీసుకోని అన్నలు మనలో చాలామంది ఉన్నారు. బాకీ ఉంటే కట్టి తెచ్చుకోండి.

డబ్బు, ఇల్లు

ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొత్తం అయిదున్నర ఏళ్ళు. ఉద్యోగం చేస్తూ చదవడం కుదరదు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. మొదటి ఏడాది పాసవ్వడానికి 4 అవకాశాలే, మొత్తం కోర్సు 9 ఏళ్ళలో పూర్తి కావాలి. ఇంటర్న్‌షిప్ ఏడాదికి స్టైపెండ్ వస్తుంది, అంతకు ముందు ఏమీ రాదు.

ప్రభుత్వ కాలేజీ ఫీజు ఏటా వేలల్లోనే ఉంటుంది, లక్షల్లో ఉండదు. అసలు భారం ఫీజు కాదు, ఆగిపోయే జీతం. నేను, నా భార్య ఒక రాత్రి కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. ఇంటి అద్దె, బియ్యం, అమ్మ మందులు, పాప బడి ఫీజు. ఆమెకు అంగన్‌వాడీలో వచ్చే జీతం ఎంత, నా పొదుపు ఎంత, ఎన్ని నెలలకు సరిపోతుంది. అమ్మ ఆ కాగితం చూసి "గీ వయసుల సదువేంది బిడ్డా, పిల్లను సదివియ్యక" అంది. ఆమె మాట తప్పు కాదు. నా భార్య మాత్రం, "అయిదేళ్ళు గడవడం కష్టమే. నువ్వు ముప్పై ఏళ్ళు ఇదే బాధ పడితే ఇంట్లో ఉండేదాన్ని నేను, అది ఇంకా కష్టం" అంది. ఆ మాట తర్వాతే నేను దరఖాస్తు నింపాను. ఈ సంభాషణ మీ ఇంట్లో జరగకపోతే దరఖాస్తు నింపవద్దు.

స్కాలర్‌షిప్ తప్పకుండా వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఒక స్థాయి చదువు పూర్తిచేసి అదే స్థాయిలో మరో చదువు చదివేవారికి ఇవ్వకూడదన్న నిబంధన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నియమాల్లో ఉంది. కుటుంబ ఆదాయ పరిమితి కూడా ఉంది. డిగ్రీ చేసి ఎం.బి.బి.ఎస్.లో చేరేవారు తమ విషయంలో ఎలా వర్తిస్తుందో సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో చేరకముందే రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు విద్యారుణం మరో దారి, కానీ అది తీర్చేసరికి మన వయసెంత ఉంటుందో కూడా లెక్కలో రాయాలి. అలాగే ప్రభుత్వ డాక్టరు పోస్టులకు పై వయసు పరిమితి వేరే ఉంటుంది. 40 దగ్గరలో చేరేవారు అది చూసుకోవాలి. పీజీ చేయాలంటే ఇంకో మూడేళ్ళు.

అందరూ నడవాల్సిన దారి కాదు

మా బ్యాచ్‌లోనే ఇంకొకరు ఉన్నారు. నాకన్నా తెలివైనవాడు, లెక్కల్లో నాకు చెప్పేవాడు. నేను రాయడం చూసి, ఉన్న ఉద్యోగానికి ముందే రాజీనామా చేసి, ఊళ్ళో ఉన్న ఎకరం మీద అప్పు తెచ్చి, పట్నం పోయి లాంగ్‌టర్మ్‌లో చేరాడు. మొదటి ఏడాది రాలేదు. రెండో ఏడాది దగ్గరకు వచ్చి పోయింది. మూడో ఏడాది చదువుతున్నాడో బాధపడుతున్నాడో వాడికే తెలియలేదు. ఇప్పుడు వేరే ఉద్యోగంలో కుదురుకున్నాడు, అప్పు ఇంకా కడుతున్నాడు. వాడి అనుమతితోనే ఇది రాస్తున్నాను. "నా సంగతి గూడ రాయి, లేకుంటే నీదొక్కటే సదివి అందరు ఉరుకుతరు" అన్నాడు.

వాడూ నేనూ కలిసి ఆలోచించి చెబుతున్న మాటలు ఇవి. సీటు అలాట్‌మెంట్ ఆర్డరు చేతికి వచ్చేదాకా ఉద్యోగం వదలవద్దు. ఎన్ని ప్రయత్నాలో మొదలుపెట్టక ముందే కాగితం మీద రాయండి, రెండో మూడో, ఆ తర్వాత ఆగండి. భూమి మీద, బంగారం మీద అప్పు తెచ్చి కోచింగ్ తీసుకోవద్దు. మూడు నెలలు ఉద్యోగం చేస్తూ రోజుకు నాలుగు గంటలు చదివి చూడండి. ఆ మూడు నెలలు చదవలేనివాడు, ఉద్యోగం మానేసినా చదవలేడు. నీట్ ర్యాంకుతో బి.డి.ఎస్., ఆయుర్వేద, హోమియో కోర్సులు కూడా ఉన్నాయి. నర్సింగ్‌లో పైచదువు, ప్రజారోగ్యంలో పీజీ మీ డిగ్రీని వృథా చేయకుండా ముందుకు తీసుకెళ్ళే దారులు. డాక్టరు అన్న పేరు కావాలా, రోగి దగ్గర చేసే పని కావాలా అని ఎవరికి వారు అడుక్కోవాలి. పేరు కోసమైతే ఈ అయిదున్నర ఏళ్ళు చాలా ఎక్కువ.

ఇక లోపల ఎలా ఉందంటారా? మొదటి రోజు అనాటమీ హాల్లో నా పక్కన నిలబడ్డ పిల్లవాడు నేను పదో తరగతి పాసయ్యేనాటికి మూడేళ్ళవాడు. వాడు ఒక్కసారి చదివితే గుర్తుంటుంది, నాకు మూడుసార్లు చదవాలి. ఆ పిల్లలు నన్ను 'అన్నా' అంటారు. రాత్రి పాఠం నాకు వాళ్ళు చెబుతారు. వార్డులో రోగితో ఎలా మాట్లాడాలో, భయపడే ముసలమ్మ చేతికి సూది ఎలా వేయాలో వాళ్ళకు నేను చెబుతాను. ల్యాబ్‌లో గడిపిన ఏడేళ్ళు వృథా కాలేదని అక్కడే తెలిసింది. మొన్న వార్డులో ఒక పెద్దాయన రక్తం రిపోర్టు నా చేతికిచ్చి, "ఏమున్నది సారూ ఇందుల?" అన్నాడు. పక్కనే మా మేడం ఉన్నారు. "నువ్వే చెప్పు" అన్నారు. కూర్చుని నెమ్మదిగా చెప్పాను.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళారా, మీకు ఈ దూరం అక్కర్లేదు. మీరు పదిలోనే సైన్సు గట్టిగా చదవండి, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటే ఏ తలుపు తెరుచుకుంటుందో ముందే అడిగి తెలుసుకోండి. మాకు చెప్పేవారు లేక పన్నెండేళ్ళు చుట్టు తిరిగాం. అన్నలారా, మీలో ఎవరికైనా ఆ వెలితి ఇంకా ఉంటే, ముందు ఇంట్లో మాట్లాడండి, తర్వాత ఫైలు సర్దుకోండి, ఆ తర్వాత పుస్తకం పట్టండి. నా ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు, తప్పుల నోట్‌బుక్ ఈ వార్షికోత్సవానికి తెచ్చి హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెడుతున్నాను. కావలసినవారు తీసుకోండి. పని అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టండి, ఇంకొకరికి పనికొస్తాయి.

మీ అన్న,
పదో తరగతి, 2007–08 బ్యాచ్